రెండవ శిల

దంతెవాడలో శంఖినీ డంకినీ నదుల సంగమమునొద్ద దంతేశ్వరీ దేవాలయము కలదు. ఓరుగల్లు కాకతీయుల సంతతివారమని చెప్పుకొనిన బస్తరు ప్రభువులకు ఆ దేవి కులదేవత. ఆ వంశమువాడగు దిక్పాలదేవుడు 1703వ సంవత్సరమున సకుటుంబముగా చేసిన యాత్రను అక్కడ రెండు శిలలపై చెక్కించెను. మొదటి శిలపై సంస్కృతము, రెండవదానిపై దేశభాష. రచయిత రాజగురువగు భగవాన్ మిశ్రుడు, మైథిలుడు. రెండవ శిల యేల కావలసివచ్చెనో ఆ శిలయే చెప్పుచున్నది: కలియుగమున సంస్కృతము చదువగలవారు కొలదిమందియే యుందురు గనుక ఇది భాషలో వ్రాయబడినది.

వ్రాసినవాడు పోయిన పిమ్మట, చదువువారి స్థితి మారిన పిమ్మట వ్రాత యెట్లు ఉపయోగపడును? ఈ ప్రశ్నయే ఇటీవలి కంప్యూటర్ల చరిత్రలో వేరొక రూపమున తలయెత్తి, ఇరువది యేండ్లకు పైగా ఒక వివాదమును నడిపినది. లినక్స్ కెర్నెలునకును, తయారీదారులు గోప్యముగా నుంచిన గ్రాఫిక్స్ డ్రైవర్లకును పొత్తు కుదరకపోవుటయే ఆ వివాదము.

కెర్నెలనగా కంప్యూటరు పనులనన్నిటిని ఏలు మూల కార్యక్రమము. డ్రైవరు దుబాసి వంటిది. కెర్నెలు ఆజ్ఞను ఆయా పరికరమునకు తెలియు సంకేతములుగా మార్చును. తెరపై బొమ్మలు గీయు గ్రాఫిక్స్ కార్డునకు కావలసిన దుబాసి పని మిక్కిలి చిక్కైనది. అతడు కెర్నెలు ఇంటిలోపలనే యుండి పనిచేయును. ఆ యింటి గదుల అమరిక మారినచో దారి తప్పును.

హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెలును వెలువరించి, 1992లో దానిని జీపీఎల్ అను లైసెన్సు క్రిందికి తెచ్చెను. దానిని పంచువారు సోర్సు అనబడు మూలరచనను కూడ ఇయ్యవలెనని ఆ లైసెన్సు నియమము. కెర్నెలు నిర్మాతలు వాడుకరుల కార్యక్రమములతో చేసికొనిన ఒడంబడికను చెడనీయరు. లోపలి అమరికను మాత్రము స్వేచ్ఛగా మార్చుచుందురు. లోపలిదానిని స్థిరపరచినచో పాత తప్పులును స్థిరపడునని గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ ఒక పత్రమున ఈ పద్ధతిని సమర్థించెను. కెర్నెలులో చేరిన డ్రైవరునకు దీనివలన కీడు లేదు. అమరికను మార్చినవాడే దానిని కూడ సరిదిద్దును.

ఎన్విడియా సంస్థ అట్లు చేయలేదు. యంత్రభాషలోనికి మార్చి మూసిన ముద్దను, దాని చుట్టు పలుచని తెరచిన పొరను ఇచ్చెను. కెర్నెలు మారినప్పుడెల్ల వాడుకరి ఆ పొరను మరల నిర్మించుకొనవలెను. డెల్ సంస్థ రూపొందించిన డీకేఎంఎస్ ఈ శ్రమను కొంత తగ్గించినది. అయినను పొర సరిపోయినంతమాత్రమున ముద్ద సరిపోవునను నిశ్చయము లేదు. 2004 మే నెలలో వెలువడిన ఫెడోరా కోర్ 2లో, కెర్నెలు స్టాక్ అను పనిచోటు 8 కిలోబైట్లనుండి 4 కిలోబైట్లకు తగ్గింపబడెను. ఎన్విడియా డ్రైవరు ఆ యిరుకులో ఇమడలేదు. డ్రైవరు కొరకు కెర్నెలునే పాత కొలతకు మరల్చుకొనుటయో, కంపెనీ క్రొత్త డ్రైవరునకై వేచియుండుటయో తప్ప వాడుకరికి గతి లేకపోయెను.

కంపెనీ పక్షమునను వాదము కలదు: రచనలో ఇతరుల హక్కులు, వ్యాపార రహస్యములు ఇమిడియున్నవి. కెర్నెలు పక్షమువారు గోప్య డ్రైవరు చేరిన కెర్నెలునకు కళంక చిహ్నము పెట్టిరి. చూడరాని రచనలో తప్పు వెదకుట అసాధ్యమని అట్టి ఫిర్యాదులను పట్టించుకొనరైరి. 2012 జూన్‌లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ సభలో, తమకు తారసిల్లిన సంస్థలలో ఎన్విడియా అంత చెడ్డది లేదని టోర్వాల్డ్స్ బహిరంగముగా నిందించెను.

ఈ నడుమ కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు, కార్డునకు పోవు సంకేతములను గమనించి, వాని యర్థమును ఊహించి, నూవో అను తెరచిన డ్రైవరును నిర్మించిరి. అది 2010లో కెర్నెలున చేరినది. ఏఎండీ సంస్థ 2007లోనే తన కార్డుల వివరములను ప్రకటింపనారంభించెను. ఎన్విడియా 2022 మే నెలలో, ట్యూరింగ్ తరమునకును తరువాతివానికిని, కెర్నెలులో పనిచేయు భాగపు మూలరచనను వెలువరించినది. వాడుకరి వైపు భాగము మాత్రము అప్పుడును మూసియే యుండెను.

పాత కార్డులకు ఆ మేలు అందలేదు. 340వ శ్రేణి డ్రైవరునకు కంపెనీ పోషణ 2019తో ముగిసినది. కార్డు చెడలేదు, దుబాసి మాత్రము పాత యిల్లే యెరుగును. క్రొత్త కెర్నెళ్లకు తగునట్లు కొందరు పై పొరకు మాటువేయుచు వచ్చిరి గాని, లోపలి ముద్దను ముట్టలేరు. సొమ్ము చెల్లించి కొన్నవాని సొత్తు, ఇతరుని మౌనమువలన నిరుపయోగమగుట ఇందలి అన్యాయము.

మార్పు నాపుట ఎవరి తరమును కాదు. మారినపుడు సరిదిద్దుకొను వీలు ఎవరి చేతిలో నుండవలెననునదే ప్రశ్న. భగవాన్ మిశ్రుడు సంస్కృత శిలను తీసివేయలేదు, తన పాండిత్యమును దాచుకొననులేదు. రాబోవు చదువరిని తలచుకొని, దాని ప్రక్కన మరియొక శిలను నిలిపెను.