నందివాడ దున్నపోతు, 1871 నాటి రెండు కాగితాలు

పోస్టు కాస్త పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

నందివాడ పక్కన మా ఎరుకల పేటలో నాలుగు ఇళ్లవాళ్లం కలిసి ఒక దున్నపోతును పెంచుకున్నాం. చుట్టుపక్కల ఎదకొచ్చిన గేదెల్ని దానిదగ్గరికే తోలుకొచ్చేవాళ్లు. ఆ డబ్బుతోనే మాలో ఇద్దరికి ఇంటర్ ఫీజులు కట్టారు. తొలకరి పడిన వారంలో ఒక సాయంత్రం అది మేత ముట్టలేదు. రాత్రికి ఒళ్లు కాలిపోయింది, గొంతు కింద వాపు దిగింది, గురక మొదలైంది. తెల్లారి డాక్టరుగారు వచ్చేసరికి ప్రాణం లేదు. గురక రోగం అన్నారు. గొంతువాపు అని కూడా అంటారు. ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. వానలు మొదలై నేల చిత్తడి అయ్యే రోజుల్లో ఎక్కువ. ఆవులకన్నా గేదెలకే ప్రమాదం. ఒక్కోసారి ఒక్క రోజు కూడా టైమివ్వదు. బుడమేరు, కొల్లేరు పక్కన పల్లపు నేలలో ఉండే మాకు ఈ రోగం కొత్త కాదు.

ఆ పొద్దున మా అవ్వ ఒక మాట అంది: "పశువు పోతే మనకి పాడి ఒక్కటే పోదురా, పేరు కూడా పోద్ది." అప్పుడు మాకు అర్థం కాలేదు. తర్వాత చరిత్ర చదివితే అర్థమైంది.

మన తాతముత్తాతలు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు మోసిన వ్యాపారులు. సముద్ర తీరపు కొటార్లలో ఉప్పు ఎత్తుకుని మెట్ట ఊళ్లకు పోయేవాళ్లు. వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవాళ్లు. లంబాడీ అన్నలు ఇంకా పెద్ద పెద్ద ఎద్దుల బిడారాలతో దేశమంతా తిరిగారు, సైన్యాలకు సైతం తిండిగింజలు మోశారు. ఎద్దే వాళ్ల బండి, ఎద్దే వాళ్ల పెట్టుబడి. మంద నిలబడాలంటే మంచి ఆబోతు ఉండాలి. అది పోతే ఆ ఏడు దూడలు ఉండవు, నాలుగైదేళ్ల తర్వాత బరువు మోసే ఎద్దులూ ఉండవు.

ఇప్పుడు 1871 సంగతికి వద్దాం. ఆ ఏడు ఇంగ్లీషు సర్కారు కాగితాలు రెండు బయటికొచ్చాయి. మొదటిది పశువుల జాడ్యాల మీద వేసిన కమిషన్ రిపోర్టు. ముసర వ్యాధి దేశంలో పశువుల్ని ఎలా తింటోందో అందులో రాశారు. రెండోది క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. పుట్టుకతోనే కొన్ని కులాలు దొంగలని ముద్రవేసిన చట్టం. ముందు ఉత్తరాదిలో పెట్టారు. 1911లో దాన్ని మార్చి, మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ తర్వాత పుట్టిందే.

ఈ రెండు కాగితాల్ని ఒకే ఆఫీసులో, ఒకే ఆలోచనతో రాశారని మేం అనడం లేదు. కానీ మన బతుకులో అవి రెండూ కలిశాయి. ఒక పక్క పశువుల రోగాలు. 1876-78 కరువులో మేత, నీళ్లు లేక మందలు చచ్చాయి. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. అడవుల్లో మేతకు ఆంక్షలు పెట్టారు. రైలు వచ్చాక సరుకు దానిమీద పోయింది. మన దగ్గర బెజవాడ-బందరు లైను 1908లో మొదలైంది. ఎద్దు పోయినవాడు, వ్యాపారం పోయినవాడు పని వెతుక్కుంటూ తిరిగితే "వీళ్లకు స్థిరమైన వృత్తి లేదు" అని రాసుకున్నారు. వృత్తి ఎందుకు పోయిందో మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. అవ్వ చెప్పిన "పేరు పోద్ది" అంటే ఇదే.

ఆ చట్టం 1952లో రద్దయింది. ముసర వ్యాధి కూడా పోయింది. 1954లో దేశమంతటా టీకాల కార్యక్రమం మొదలుపెట్టారు. ఊరూరా తిరిగి సూదులేశారు. మన దేశంలో చివరి కేసు 1995లో వచ్చింది. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం ఇదే. అంత పెద్ద జాడ్యాన్నే ఆపగలిగినప్పుడు గురక రోగానికి మనం ఇంకా పశువుల్ని పోగొట్టుకోవడం ఏమిటి? దీనికి కూడా టీకా ఉంది. తొలకరికి ముందే ఏటా వేయించాలి. మా దున్నపోతుకు ఆ ఏడు వేయించలేదు. చేపల చెరువు పనుల్లో పడి రేపు, ఎల్లుండి అనుకున్నాం. తప్పు మాదే.

ఇంకో తప్పు కూడా చేశాం. చెవికి ట్యాగు లేదు, బీమా లేదు, పోస్టుమార్టం చేయించకుండానే పూడ్చేశాం. కాగితం లేదు కాబట్టి మా నష్టం ఎక్కడా నమోదు కాలేదు. తాతల నష్టాన్ని ఎవరూ రాయలేదని ఇవాళ బాధపడుతున్నాం. చదువుకున్న మనం మన నష్టాన్ని కూడా రాయించకపోతే ఎలా?

అందుకే అడుగుతున్నాం. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ పేటలో ఎన్ని పశువులున్నాయో, పందులున్నాయో లెక్క రాయండి. మే నెలలోనే పశువుల ఆసుపత్రికి వెళ్లి టీకాల సంగతి అడగండి. ట్యాగులు వేయించండి. అలాగే అవ్వల్ని, తాతల్ని కూర్చోబెట్టి, వాళ్ల ఇంట్లో ఎద్దులు ఎప్పుడు పోయాయి, తర్వాత ఏ ఊరు వచ్చారు అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాయండి. యానాది, లంబాడీ మిత్రులు కూడా రాయాలి.

మా దున్నపోతుకు మేం పెట్టుకున్న పేరు రాజుగాడు. దాని పేరు ఇక్కడైనా ఉండాలని రాశాం.