లేజర్‌తో ఉపగ్రహాల దూరం ఎలా కొలుస్తారు?

అబిడ్స్ జీపీఓ దగ్గర నిలబడి నాంపల్లి స్టేషన్ వైపు ఒక లేజర్ మెరుపు పంపామనుకోండి. అక్కడ అద్దం ఉంటే అది తిరిగి వచ్చేస్తుంది. మధ్య దూరం దాదాపు కిలోమీటరు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే, అందులో ఏడు ముక్కల సమయంలో కాంతి పోయి వస్తుంది. ఆ సమయాన్ని కాంతి వేగంతో గుణించి సగం చేస్తే దూరం తెలుస్తుంది. ఉపగ్రహాలకూ ఇదే లెక్క.

అద్దం, గడియారం

సెకనులో వంద కోట్లవ వంతు తేడా వచ్చినా దూరం 15 సెంటీమీటర్లు తప్పుతుంది. అందుకే ఈ కేంద్రాల్లో గడియారాలు అంతకంటే సూక్ష్మంగా ఉంటాయి. ఉపగ్రహానికి బిగించేవి మామూలు అద్దాలు కావు, కాంతి ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపుతాయి. వీటికి కరెంటు అక్కర్లేదు. 1976లో నాసా పంపిన లాజియోస్ గోళం అడ్డుకొలత 60 సెంటీమీటర్లు, దాని మీద 426 అద్దాలున్నాయి. దాన్ని కొలిచే భూఖండాలు ఏటా ఎంత జరుగుతున్నాయో లెక్కగట్టారు.

మన ఉపగ్రహాలు

దారి చూపే మన నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఈ ఉపగ్రహాలకూ అద్దాలున్నాయి. 36,000 కిలోమీటర్ల ఎత్తుకు కాంతి పోయి రావడానికి పావు సెకను చాలు. పైన ఉపగ్రహం ఉన్న చోటు తప్పుగా లెక్కేస్తే, కింద మనమున్న చోటూ తప్పుతుంది.

చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా ఇచ్చిన చిన్న అద్దాలున్నాయి. 2023 డిసెంబర్ 12న చంద్రుని చుట్టూ తిరిగే నాసా నౌక 100 కిలోమీటర్ల దూరం నుంచి లేజర్ వేస్తే, కాంతి తిరిగొచ్చింది.

చెత్తతోనే చిక్కు

పాత రాకెట్ ముక్కలకు అద్దాలుండవు. శక్తిమంతమైన లేజర్ వేసినా తిరిగొచ్చే కాంతి బహు తక్కువ. మబ్బు పడితే అదీ రాదు. అందుకే ముందు రాడార్ కావాలి. శ్రీహరికోటలోని రాడార్ ఒకేసారి పది వస్తువులను వెంటాడగలదు. ముక్క దారి రాడార్‌తో తెలిశాక, లేజర్ దాన్ని ఇంకా కచ్చితంగా తేలుస్తుంది. ఆ కచ్చితత్వం లేకపోతే నష్టమే: ఉపగ్రహాన్ని ఊరికే పక్కకు జరిపితే ఇంధనం వృథా, జరపకపోతే ఢీకొనే ప్రమాదం.

హైదరాబాద్‌కు కొత్త కాదు

ఆకాశంలో ఏది ఎక్కడుందో కొలవడం మన నగరానికి పాత పనే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ఫొటో పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచింది. పిల్లలకు ఆకాశం చూపించాలంటే నాంపల్లికి దగ్గర్లోనే, నౌబత్ పహాడ్ మీద 1985 నుంచి బిర్లా ప్లానెటేరియం ఉంది.