బొమ్మ రైలుకు క్రొత్త భాష

రైలుబండి అనగానే మనకు తోచునది బొగ్గు పొగ, ఇంజను కూత, పట్టాల చప్పుడు. ఆ రైలునే జానెడు పొడవునకు కుదించి, బల్లమీద పరచిన పట్టాలపై నడుపుకొనుట ఐరోపా, అమెరికా ఖండములలో నూరేండ్లకు పైగా పిన్నలకును పెద్దలకును ప్రియమైన వినోదము. దీనిని ఆటయని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. ఒక యంత్రవ్యవస్థ పాతబడినప్పుడు దానిని ఎట్లు మార్చవలెను, మార్చునప్పుడు దేనిని నిలుపుకొని దేనిని విడువవలెను అను ప్రశ్నకు ఈ చిన్న పట్టాల చరిత్రలో మంచి సమాధానము కలదు.

మొదటి పద్ధతి సులభమైనది. రెండు పట్టాలలోను పన్నెండు వోల్టుల ఏకముఖ విద్యుత్తును ప్రవహింపజేయుదురు. ఇంజను తన చక్రముల ద్వారా దానిని గ్రహించి కదలును. వోల్టేజి పెంచినచో వేగము పెరుగును. ధన ఋణములను తారుమారు చేసినచో బండి వెనుకకు నడచును. ఒక్క బండికి ఇది చాలును. రెండవ బండిని అదే పట్టాలపై నిలిపిన క్షణమున చిక్కు మొదలగును. విద్యుత్తు రెండింటికిని ఒక్కటే గనుక ఒకటి కదలిన రెండవదియు కదలును. అందుచేత పట్టాలను భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క స్విచ్చిని అమర్చవలసి వచ్చెను. బల్లపైన ఊరును, చెరువును, స్టేషనును అందముగా ఉండగా, బల్లక్రింద తీగలు అడవివలె అల్లుకొనెను. ఇంతచేసి నడుపువాడు నడపినది బండిని కాదు, పట్టాలను!

ఈ చిక్కునకు విరుగుడు మన పల్లెలలోని దండోరాను పోలియున్నది. దండోరా వేయువాని కేక ఊరందరి చెవిని పడును. కాని ఎవరి పేరు పిలిచిరో వారే కచేరీకి పోవుదురు. అట్లే పట్టాలలో విద్యుత్తును ఎల్లప్పుడును నిండుగా ఉంచి, దానితో పాటు ఆజ్ఞలను పంపినచో, ప్రతి ఇంజనును అన్ని ఆజ్ఞలను వినును. తన పేర వచ్చినదానిని మాత్రమే పాటించును. 1960ల దశకమున అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ‘ఆస్ట్రాక్’ అను పేర తెచ్చిన సాధనము ఈ ఊహకు తొలి రూపములలో ఒకటి. రేడియో ఉన్న ఇంటివారికి దాని కీలకమును విప్పి చెప్పనక్కరలేదు. ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క పౌనఃపున్యము. ఏ ఇంజనును ఏ పౌనఃపున్యమునకు శ్రుతిచేసిరో అది ఆ పిలుపునకే పలుకును. అట్టి పిలుపులు అయిదే ఉండుటచేత బండ్లును అయిదింటికి మించలేదు.

తరువాత మైక్రోప్రాసెసరు వచ్చినది. బ్రిటనులో హార్న్‌బీ సంస్థ 1979లో ‘జీరో వన్’ అను నియంత్రణ యంత్రమును వెలువరించెను. దాని హృదయము టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి నాలుగు బిట్ల ప్రాసెసరు. శ్రుతులకు బదులు అంకెలు వచ్చినవి. ప్రతి ఇంజనులోను ఒక చిన్న గ్రాహక పలకను అమర్చి దానికొక సంఖ్యను ఇచ్చిరి. ఇట్లు పదునారు ఇంజనులను, తొంబదితొమ్మిది పాయింట్లు మొదలగు ఉపకరణములను మీటలు నొక్కి నడుపవచ్చును. కుటుంబములు వాడుకొను బొమ్మలోనికి ఆనాడే కంప్యూటరు ప్రవేశించుట సామాన్య విషయము కాదు.

కాని ముందు నడచినవాడే ముందుగా ముళ్లు తొక్కును. జీరో వన్ పట్టాలలో ప్రవహించునది ఏకాంతర విద్యుత్తు. గ్రాహకము లేని పాత ఇంజనును పొరపాటున దానిపై నిలిపినచో మోటారు వేడెక్కి చెడిపోవు ప్రమాదము కలదు. పట్టాలపై ధూళి చేరినచో ఆజ్ఞ తెగిపోవును. 1980ల దశకము ముగియకమునుపే దాని తయారీ ఆగిపోయినది. జర్మనీలో 1859 నాటి పాతకాపు మార్క్లిన్ సంస్థ 1980ల నడుమ తన డిజిటల్ పద్ధతిని ప్రవేశపెట్టెను. మోటరోలా వారి చిప్పులపై ఆధారపడిన ఆ పద్ధతిలో సంకేతమునకు రెండు కాక మూడు స్థితులు కలవు. అట్టి నాలుగు స్థానములు చేర్చిన ఎనుబదియొక్క మేళనములు వచ్చును. అందు ఎనుబదింటిని ఇంజనులకు కేటాయించిరి.

ఇప్పుడు అసలు కష్టము గోచరించును. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క భాషను సృష్టించినది. ఒకరి యంత్రము మరొకరి ఇంజనుకు మూగది. తయారీదారు ఒక పద్ధతిని విరమించుకొన్ననాడు, ఆ భాష మాటలాడువారు కరవైన మాండలికమువలె నిలిచిపోవును. యంత్రములో ఒక మీట పాడైన మరి దొరకదు. తండ్రి కూడబెట్టి కొనిన ఇంజనులు బిడ్డల చేతికి వచ్చునప్పటికి బీరువాలో బొమ్మలై కూర్చుండును. చెడినది యంత్రములోని ఒక చిన్న భాగము, మూలబడినది సంసారమంతయు.

ఈ స్థితిని మార్చినది ఒక వినోదప్రియుల సంఘము. అమెరికాలోని జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘము 1935లో మిల్వాకీ నగరమున వెలసినది. అది ఏ కంపెనీయు కాదు; అమ్ముకొనవలసిన సరుకు దానికి లేదు. చక్రములు పట్టాల కొలతలు ఎల్లరకును ఒకటిగా ఉండవలెనని మొదటినుండియు శ్రమించినది. 1990ల ఆరంభమున ఆ సంఘమువారు అప్పటి ఆజ్ఞాపద్ధతులను పరిశీలించి, జర్మనీకి చెందిన బెర్న్‌డ్ లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని పునాదిగా గైకొని, దానిని పెంపొందించి, అందరికిని తెరచిన ప్రమాణముగా వెలువరించిరి. అదియే డి.సి.సి. అనబడు డిజిటల్ ఆజ్ఞానియంత్రణ. ఎవరు తయారుచేసిన యంత్రమైనను, ఎవరు తయారుచేసిన గ్రాహకమైనను, ఈ వ్యాకరణమును పాటించినచో ఒకదాని మాట మరొకదానికి తెలియును.

ఆ వ్యాకరణము తంతి సంకేతములవలె సరళమైనది. పట్టాలలోని విద్యుత్తు ఎడతెగక దిశ మార్చుచుండును. దిశ మారుటకు నడుమ సెకనులో పదిలక్షల వంతులు ఏబదియెనిమిది గడచిన అది ఒకటి. నూరో, అంతకు పైబడియో గడచిన అది సున్న. మొదట వరుసగా ఒకట్లు పంపి ‘వినుడు’ అని హెచ్చరించును. పిమ్మట ఇంజను సంఖ్య, దాని వెనుక ఆజ్ఞ, చివరకు సరిచూచుకొనుటకు ఒక లెక్క. లెక్క కుదరనిచో ఇంజను ఆ మాటను పాటించదు. అదే మాటను యంత్రము మరల మరల పంపుచుండును గనుక లోపము లేదు. చిన్న సంఖ్యలు 127 వరకును, పెద్ద సంఖ్యలు పదివేలకు పైనను కలవు. కావున ఇంజను ప్రక్కన రంగుతో వ్రాసిన నాలుగంకెల సంఖ్యనే దానికి పేరుగా పెట్టుకొనవచ్చును.

ఈ ప్రమాణమును కూర్చినవారు పాతవానిని మరువకుండుట మెచ్చదగినది. సున్న యొక్క ఒక సగమును సాగదీసినచో విద్యుత్తు ఒక దిశకు మొగ్గును. దానిచేత గ్రాహకము లేని పాత ఇంజనొకటి కూడ మెల్లగా నడచును. మోటారు కొంత గీపెట్టును, అంతసేపు నడపుటయు మంచిది కాదు. అయినను క్రొత్త ఇంటిలో పెద్దలకొక గది విడిచినట్లు ఆ సౌకర్యమును కల్పించిరి.

ఇక జీరో వన్ వంటి వ్యవస్థ గలవారు మారవలసినప్పుడు పారవేయవలసినది వారు భయపడినంత లేదు. పట్టాలు ఉండును, పాయింట్లు ఉండును, ఇండ్లు కొండలు ఉండును. పాత యంత్రమును, దాని విద్యుత్ సరఫరాను తొలగింపవలెను. పాయింట్లను నడపు పాత పలకలను మార్చవలెను. ప్రతి ఇంజనులోని పాత గ్రాహకమును తీసి క్రొత్తదానిని టంకముతో అతుకవలెను. ఆ తీగలకు రంగులును ప్రమాణములే: ఎరుపు నలుపులు పట్టాలనుండి వచ్చునవి, నారింజ బూడిద రంగులు మోటారునకు పోవునవి. మోటారు రెండు కొనలును ఇంజను చట్రమును తాకకుండ వేరుచేయుటయే ఇందు ముఖ్యమైన జాగ్రత్త. తాకినచో గ్రాహకము క్షణములో మాడిపోవును. పాత మోటారు నిలిచిపోయినప్పుడు ఎంత విద్యుత్తు లాగునో కొలిచి, దానిని భరింపగల గ్రాహకమును ఎన్నుకొనవలెను. అన్నింటిని ఒక్కసారి మార్చు శక్తి లేనివారు ముందుగా ఒకటి రెండు ఇంజనులతో మొదలిడుట వివేకము.

సొంత భాషలను పెంచిన సంస్థలును క్రమముగా ఈ దారికి వచ్చినవి. హార్న్‌బీవారు 2000ల దశకమున డి.సి.సి. యంత్రములనే అమ్మసాగిరి. మార్క్లిన్ వారు 2004లో ఇంజను తన పేరును తానే చెప్పుకొను క్రొత్త పద్ధతిని తెచ్చినను, 2008లో వెలువరించిన నియంత్రణ కేంద్రము తమ పాత భాషతో పాటు డి.సి.సి.ని కూడ మాటలాడినది.

తెరచిన ప్రమాణముపై మరొక సౌధము లేచినది. కాలిఫోర్నియాలో బాబ్ జాకబ్సన్ అను భౌతికశాస్త్రజ్ఞుని చొరవతో పలువురు చేరి ఈ బండ్లను కంప్యూటరుతో నడపు కార్యక్రమమును వ్రాసి, కర్తల పేరు నిలుపవలెనను నిబంధనతో లోకమునకు ఉచితముగా ఇచ్చిరి. ఆ నిబంధనను మరొకరు ఉల్లంఘించిరని వచ్చిన వ్యాజ్యములో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము 2008 ఆగస్టున తీర్పు చెప్పుచు, ఉచితముగా ఇచ్చినంత మాత్రమున గ్రంథస్వామ్యపు నిబంధనలు విలువ కోల్పోవని నిర్ణయించినది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు ఇది గొప్ప ఆధారమైనది. బొమ్మ రైలు కోర్టుకెక్కి, కంప్యూటరు లోకమునకంతకు న్యాయము తెచ్చినది!

కావున పాత యంత్రమును మార్చబోవువారు ‘దీనికి ఎన్ని మీటలున్నవి?’ అని ముందుగా అడుగరాదు. ‘దీని భాష ఎవరిది?’ అని అడుగవలెను. ఒక్కరి సొత్తైన భాష ఆ ఒక్కరితో అంతరించును. పదుగురు కలసి దిద్దుకొనిన భాషలో మాటలాడు యంత్రము రేపు చెడినను, మరొక యంత్రము దాని స్థానమున నిలిచి అదే మాటను పలుకును. అప్పుడు తాతగారి ఇంజను మనుమని చేతిలో మరల కూయును.