చెరువు గర్భమున వెలసిన త్యాగరాయనగరము

చెన్నపట్టణమున మాంబళము స్టేషనులో దిగి తూర్పుదిక్కునకు నడచు తెలుగువారిలో పెక్కురు, త్యాగరాయనగరమను పేరు వినినంతనే తిరువయ్యూరి వాగ్గేయకారుని తలంచుకొందురు. ఆ పేట కాయన పేరు పెట్టబడలేదు. అది సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు. 1852లో దేవాంగుల యింట జన్మించిన తెలుగువా డాయన. నేతపనివారి బాగుకొరకు పాటుపడినవాడు. 1916లో డాక్టరు టి. ఎమ్. నాయరు, డాక్టరు సి. నటేశమొదలియారు గార్లతో గూడి బ్రాహ్మణేతరోద్యమమునకు పునాది వేసెను. 1920లో ముఖ్యమంత్రి పదవి తన్ను వెదకికొని రాగా వలదనెను. ఆయన నగరపాలక సంఘాధ్యక్షుడుగా నున్న కాలముననే థౌజండులైట్సు పాఠశాలలో బిడ్డలకు మధ్యాహ్నభోజనము పెట్టుట యారంభమయ్యెను. నేడు దేశమంతటను సాగుచున్న బడిభోజనమునకు అది తొలిమెట్లలో నొకటి. ఆయన పేర నూరు వెలయుట సమంజసమే.

అయితే ఆ యూరు వెలసిన నేల యెట్టిది? నుంగంబాకము మొదలు మాంబళము మీదుగా వంపుదిరిగి క్రోసుల పర్యంతము పరచుకొన్న పెద్దచెరువు అక్కడ నుండెడిది. దొరలు దానిని పొడుగుచెరువని పిలిచిరి. జార్జిటౌను గొందులలో గాలి వెలుతురులు లేని కాపురములతో జనులు విసిగియుండిరి. 1920లో పట్టణనిర్మాణ చట్టము వచ్చెను. 1923 మొదలుకొని చెరువునీరు విడిచి, గర్భమును చదునుచేసి, వీధులు గీచి, నివేశనస్థలములుగా పంచిరి. 1931లో బీచినుండి తాంబరమువరకు విద్యుద్రైళ్లు నడువసాగుటతో ఉద్యోగులకు ఈ పేట మరింత అనుకూలమాయెను.

నడుమ పానగల్ ఉద్యానము. 1921 మొదలు 1926 వరకు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిన పానగంటి రామరాయణింగారి పేర దానిని నెలకొల్పిరి. ఆయనయు కాళహస్తిలో పుట్టిన తెలుగువాడే. బండిచక్రపు ఆకులవలె వీధు లక్కడనుండి నలుదెసలకు సాగును. ఉస్మాను రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు, గోపతి నారాయణస్వామిశెట్టి రోడ్డు, వీనిలో నడచిన నాటి రాజకీయచరిత్ర సగము చదివినట్లే. పాండీ బజారు సయితము పుదుచ్చేరి పేరు కాదు, సౌందరపాండ్య నాడారు పేరు. స్త్రీలకు వోటుహక్కు నిచ్చుటకు 1921లో తీర్మానించినది ఆ నాయకుల శాసనసభయే. అయినను ఉద్యానమునుండి బయలుదేరు పెద్దవీధుల పేర్లు పురుషులవే. ఆ లోటు మాకు కొట్టవచ్చినట్లు కనబడెను.

వంపుమూలలు, కిటికీలపై పొడవైన చూరుపట్టెలు, ముందు చిన్నతోట గల పాతయిండ్లు గొందులలో ఒకటి రెండు మిగిలియున్నవి. చిత్తూరు నాగయ్యగారు కళలకై నెలకొల్పిన వాణీమహలు, గాంధీమహాత్ముడు 1918లో స్థాపించిన దక్షిణభారత హిందీప్రచారసభ ఈ పేటలోనివే. తక్కినదంతయు చీరల దుకాణములు, బంగారు దుకాణములు. ఉద్యానములో కొంతభాగమును భూగర్భ రైలుస్టేషను పనులకు తీసికొనిరి.

వర్షము వచ్చినప్పుడే పాతకథ బయటపడును. 2015 డిసెంబరులోను, 2021 నవంబరులోను ఈ వీధులు నీట మునిగినవి. నీరు పల్లమునే వెదకును, పట్టాలు చూడదు. పడమటి మాంబళములో నేటికిని లేక్‌వ్యూ రోడ్డున్నది. అక్కడ నిలిచి చూచితిమి, చూడదగిన సరస్సు లేదు. విశాలమైన యిండ్లు కోరిన నాయకుల యుద్దేశము మంచిదే. కాని చెరువు చేయుచుండిన పని యెవరు చేయవలెనో వారు లెక్కవేయలేదు.

మేము ఏలూరివారము గనుక మా మనస్సు కొల్లేటిమీదికి పోయెను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు వరదను కొల్లేరు పట్టియుంచి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపును. 1999లో అయిదవ కాంటూరువరకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్సారు జాబితాలో చేరెను. 2006లో చేపలచెరువుల గట్లు తెగగొట్టిరి. పిమ్మట గట్లు మరల లేచినవి. అక్కడ చెన్నపురి చెరువును ప్రభుత్వము పటము గీచి యొక్కమారుగా తీసివేసెను; ఇక్కడ కొల్లేరు గట్టుగట్టుగా తరుగుచున్నది. హద్దును మూడవ కాంటూరునకు దింపవలెనని కొందరు కోరుచున్నారు. జిరాయితీ భూములవారి బాధ అసత్యము కాదు. వారి భూమిని హద్దులో జేర్చి చేతులు దులుపుకొనుట న్యాయముకాదు. హద్దు దింపుటకంటె ముందుగా తేలవలసినది వారికీయవలసిన పరిహారపు లెక్క.