చెప్పితీఱవలసిన మాట



"వారి యింటి గొడవ మనకేల" యను మాట మన యూళ్లలో మర్యాదగనే చెల్లుచున్నది. ఆ మర్యాద చాటున పసిబిడ్డలు పడిన బాధ యెంత! చూచినవాడు చెప్పితీఱవలెనను శాసనము ఎట్లు పుట్టినదో నేడు కొంత విన్నవించెదను.

1874వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున మేరీ ఎలెన్ అను పదేండ్ల బాలిక యొక యింట నిత్యము దెబ్బలు తినుచుండెను. ఇరుగుపొరుగువా రెఱుగుదురు. ఎట్టా వీలర్ అను సేవకురాలు ఎందఱిని వేడినను ఫలము లేకపోయెను. బిడ్డలను గాచు చట్టము లేకపోలేదు. దానిని గదల్చువారు లేరైరి. తుద కామె జంతుహింసా నివారణ సంఘ స్థాపకుడగు హెన్రీ బెర్గు నాశ్రయించెను. ఆయనయు, న్యాయవాది ఎల్‌బ్రిడ్జి గెర్రీయు పూనుకొనగా బాలికను కంబళిలో చుట్టి న్యాయస్థానమునకు గొనివచ్చిరి. మొగముపై కత్తెర గాయ ముండెను. పెంచినదానికి ఒక యేడు చెఱ విధింపబడెను. ఆ యేటి చివరనే బాలరక్షణకై సంఘమొకటి యేర్పడెను. గుఱ్ఱమును గొట్టినవానిని నిలదీయు సంఘము అంతకు 8 ఏండ్లు ముందే, 1866లోనే, పుట్టియుండుట గమనింపదగినది.

అయినను చెప్పవలెనను విధి యెవ్వరికిని లేదు. 1946లో జాన్ కాఫీ అను వైద్యుడు ఆఱుగురు శిశువుల ఎక్స్‌రే పటములలో 23 ఎముకల విఱుగుళ్లు చూచెను. 1962లో డెన్వరు నగరపు వైద్యుడు హెన్రీ కెంపు మున్నగువారు ఇట్టి గాయములకు పెక్కుమాఱులు పెద్దల చేతులే కారణమని విస్పష్టముగా వ్రాసిరి. 1967 నాటికి ఆ దేశపు రాష్ట్రములన్నియు చట్టములు చేసికొనెను. విధి మొదట వైద్యులది. పిమ్మట ఉపాధ్యాయులకును వ్యాపించెను. బడియీడు బిడ్డను ప్రతిదినము చూచు పరాయి పెద్ద యుపాధ్యాయుడే కదా.

ఇచట నా మాట యొకటి చెప్పక తప్పదు. నేను కొత్తగా కొలువున జేరిననాడు మూడవ తరగతి పిల్లవాని వీపున వాతలు చూచితిని. "పడితినండీ" యనెను. పడినవానికి వీపున వరుసగా వాతలు తేలవు. పెద్దపంతులుగారితో జెప్పగా "వాని యింటి సంగతి మనకెందుకండీ పంతులుగారూ" అనిరి. నేను నూరకుంటిని. దసరా సెలవుల పిమ్మట ఆ పిల్లవాడు రాలేదు. వారి యింటికి బోయి యేలయని నేనడుగనైతిని.

మన దేశమున 2012 నవంబరు 14 నుండి పోక్సో చట్టము అమలునకు వచ్చినది. ఇది బిడ్డలపై జరుగు లైంగిక నేరములను గూర్చినది. నేరము జరిగినదని తెలిసినను, జరుగునని శంక కలిగినను, ఎవరైనను పోలీసులకు దెలుపవలెను. తెలుపనివానికి 6 నెలల వఱకు చెఱ గాని, జరిమానా గాని, రెండును గాని. తన క్రిందివాని నేరమును దెలుపని సంస్థాధికారికి ఏడాది వఱకు చెఱయు, జరిమానాయు. సద్భావముతో దెలిపినవానిపై వ్యాజ్యము చెల్లదు. మన ఆదిలాబాదు సీమకు పొరుగైన చంద్రపుర మండలమున నొక బడి వసతిగృహపు గిరిజన బాలికల విషయమై, వారికి చికిత్స చేసియు దెలుపలేదను అభియోగము ఒక వైద్యునిపై వచ్చెను. క్రింది న్యాయస్థానము దానిని గొట్టివేయగా, 2022 నవంబరులో సుప్రీముకోర్టు ఆ తీర్పును రద్దుచేసి, ఎఱిగియు దెలుపకుండుట ఘోరాపరాధమనెను.

నేను చూచిన వాతలవంటివి పోక్సో క్రిందికి రావు. వానికి 2015 నాటి బాలన్యాయ చట్టమున శిక్ష గలదు గాని, చూచినవానిపై విధి యంత గట్టిగా లేదు. అయిన నేమి, 1098 అను సంఖ్యకు ఫోను చేయుట కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. ఆ యంకెలను కిందటి యేడు మా యూరి బడిగోడపై ఎఱ్ఱరంగుతో నేనే వ్రాసితిని.