కొత్త విండో ఎవరి కోసం?

బ్రౌజర్ల చరిత్ర రాసేవాళ్లు షార్ట్‌కట్ల దగ్గరికి వచ్చేసరికి ఒకటే వరస చెబుతారు. మొదట కంట్రోల్ ఎన్‌తో కొత్త విండో, తర్వాత కంట్రోల్ టితో కొత్త ట్యాబ్, ఇక అంతా సుఖమే. తేదీలతో నాకు పేచీ లేదు. 1997లో సిముల్‌బ్రౌజ్, 2001లో మొజిల్లా, 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7: ట్యాబులు వచ్చిన దారి తెలిసిందే. కానీ ఈ కథలో కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక్కడే, కంప్యూటరూ అతనిదే. నెల్లూరు జిల్లా ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో నెట్ సెంటర్‌కి ఆ లెక్క కుదరదు. అక్కడ కుర్చీలో ఒకడుంటే వెనక నలుగురు నిలబడతారు. లాగిన్ మాత్రం ఎవరిది వాళ్లదే.

అడ్రస్ బార్‌లో పేరు కొట్టి కంట్రోల్ ఎంటర్ నొక్కితే ముందు మూడు డబ్ల్యూలు, వెనక డాట్ కామ్ చేరతాయి. దీన్ని గొప్ప సౌకర్యంగా నేర్పారు. జిల్లాలోని ఈ పడమటి మండలాల జనానికి కావలసినవేమో డాట్ గవ్ డాట్ ఇన్, డాట్ నిక్ డాట్ ఇన్. 2015లో వచ్చిన భూమి రికార్డుల సైటు మీభూమి పేరు కొట్టి ఆ మీటలు నొక్కితే సర్కారు పేజీకి చేరం. నిజంగా పనికొచ్చేది ఆల్ట్ ఎంటర్: కొట్టిన చిరునామాను, ఉన్న పేజీ చెదరకుండా, కొత్త ట్యాబ్‌లో తెరుస్తుంది. దాన్ని నేర్పినవాళ్లు తక్కువ.

అసలు విషయం సెషన్‌ది, అంటే ఒక లాగిన్ ఏయే విండోలకు వర్తిస్తుందన్నది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో కంట్రోల్ ఎన్ నొక్కితే కొత్త విండో వచ్చేది గానీ పాత విండోలోని లాగిన్ కూడా దాంతోపాటే వచ్చేది. డెస్క్‌టాప్ మీద ఐకాన్ నొక్కి తెరిస్తే మాత్రం లాగిన్ వేరు. చూడ్డానికి రెండు విండోలూ ఒకటే. ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో, ఉద్యోగ దరఖాస్తుల ఆఖరి రోజున, ఒకే కంప్యూటర్ మీద ఇద్దరి పని నడిపేవాడికి ఈ తేడా ప్రాణం మీదికి వచ్చేది. 2009లో ఎక్స్‌ప్లోరర్ 8 వచ్చి ఐకాన్‌తో తెరిచిన విండోలకు కూడా ఒకే సెషన్ అంటగట్టింది. విడిగా కావాలంటే మెనూలోకి పోయి 'న్యూ సెషన్' వెతుక్కోవాల్సి వచ్చేది. పుస్తకాల్లో ప్రగతి అనిపించుకున్నది కౌంటర్ దగ్గర వెనకడుగే.

అందుకే 2008లో క్రోమ్‌తో వచ్చిన కంట్రోల్ షిఫ్ట్ ఎన్‌ను నేను గుట్టు దాచుకునే మీటగా చూడను. ఆ ఇన్‌కాగ్నిటో విండో నెట్ సెంటర్‌లో రెండో కుర్రాడి లాగిన్‌కు చోటు. అయితే ఈ మాటను సాగదీయకూడదు. ఇన్‌కాగ్నిటో విండోలన్నీ తమలో తాము ఒకే సెషన్ పంచుకుంటాయి కాబట్టి మూడోవాడికి ఫైర్‌ఫాక్స్ తెరవాల్సిందే. మీటలు తెలిసిన ప్రతివాడూ కారణం తెలిసి నొక్కాడనీ అనను. 2011 నవంబరులో మొదలైన ప్రభుత్వ సేవల కేంద్రం మీసేవలో ఈ చిక్కే లేదు. అక్కడ లాగిన్ ఆపరేటర్‌ది, ట్యాబులే చాలు. నా వాదన ప్రైవేటు నెట్ సెంటర్ల వరకే.

ఇప్పుడు నెట్ సెంటర్ అవసరం చాలావరకు ఫోన్లోకి పోయింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. సీతారామపురం నుంచి ఆత్మకూరుకు బస్సెక్కి రావాల్సినవాడికి ఇది మేలే, కాదనను. కానీ వాట్సాప్‌లో వచ్చిన లింకు ఏ యాప్‌లో తెరుచుకోవాలో ఎక్కువసార్లు ఫోనే తేల్చేస్తోంది. చిరునామా తెర పైన కురచైపోయి సగమే కనిపిస్తుంది. డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకునే అలవాటు నెట్ సెంటర్ కుర్రాడికి కొంతైనా ఉండేది. సొంత ఫోన్ పట్టుకున్న రైతుకు ఆ అలవాటు ఎవరూ నేర్పలేదు. నకిలీ లింకు పంపేవాడికి కావలసిందీ అదే.