ఆటలోని ధర్మము: గంజీఫా నుండి పేకాట వరకు

పేకాట అనగానే పెద్దలు ముఖము చిట్లింతురు. ఇల్లు గుల్ల చేయు వ్యసనమని దానికి పేరు. పందెముతో కూడిన ఆటకు ఆ నింద తగినదే. జూదమువలన రాజ్యము కోల్పోయిన ధర్మరాజు కథయు, నలమహారాజు కథయు మనకు క్రొత్తవి కావు. కాని పందెమును తీసివేసి చూచినచో ఈ ఆటలో చరిత్ర చదువువారు గమనింపదగిన విషయమొకటి మిగులును. నలుగురు మనుష్యులు, ఒక ముక్కల కట్ట, వారి నడుమ ఒక ఒప్పందము: ఆట యనగా ఇంతియే. కట్ట యెంత అందమైనదైనను ఒప్పందము లేనిచో అది బొమ్మల కుప్ప మాత్రమే.

ఆ ఒప్పందము మన దేశమున ఎట్లు నడచినది, ఎచ్చట నిలిచినది, ఎచ్చట నశించినది అను సంగతులను ఇచ్చట మనవి చేయదలచితిని. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషన్ వరకు చదివి, గుమాస్తా పనిలో జీవితము గడిపినవాడను. నియమములను చదువుట, వానిలో స్పష్టముగా లేని చోటు వచ్చినప్పుడు పై అధికారికి వ్రాసి తెలిసికొనుట నా వృత్తి. అందుచేతనే కాబోలు, ఆటలలో నాకు ముక్కలకంటె కట్టుబాట్లపై ఆసక్తి హెచ్చు.

మన దేశమున ముక్కలాటను గూర్చిన తొలి ప్రస్తావన బాబరు చక్రవర్తి స్వీయచరిత్రలో కలదు. ఆయన 1527లో సింధు దేశపు ప్రభువైన షా హసనునకు గంజీఫా ముక్కలను కానుకగా పంపెను. ఆయన మనుమడగు అక్బరు కాలమున అబుల్ ఫజల్ తన ‘ఆయిన్-ఇ-అక్బరీ’ గ్రంథములో ఈ ఆటను వివరించెను. పూర్వపు కట్టలో 12 రంగులు, రంగునకు 12 ముక్కలు, వెరసి 144 ముక్కలు ఉండెడివట. ఆ రంగుల పేళ్ళు తెలుగువారి చెవికి చుట్టములవలె వినిపించును: అశ్వపతి, గజపతి, నరపతి, ధనపతి, దళపతి, సురపతి, వనపతి, అహిపతి మొదలైనవి. విజయనగర ప్రభువులను నరపతులనియు, ఓఢ్ర ప్రభువులను గజపతులనియు, తురుష్క ప్రభువులను అశ్వపతులనియు మన పూర్వులు వ్యవహరించిరి గదా! ఆంధ్రదేశ చరిత్రను నడపిన మూడు సింహాసనముల బిరుదములు ముక్కలమీద కూడ కూర్చుండెనన్నమాట. అక్బరు ఆ కట్టను ఉన్నదున్నట్లు ఉంచక రంగులను మార్చెననియు అబుల్ ఫజల్ వ్రాసెను. కట్టను తన ఇచ్చవచ్చినట్లు కూర్చుకొను ముచ్చట నేటిది కాదని దీనివలన తెలియుచున్నది.

పిదప దేశమంతట వ్యాపించినది 8 రంగుల గంజీఫా. కిరీటము, వెండినాణెము, ఖడ్గము, సేవకుడు, వీణ, బంగారునాణెము, ఆజ్ఞాపత్రము, సరకు అనునవి దాని రంగులు. రంగునకు ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పదివరకు అంకెలు. మొత్తము 96 ముక్కలు. ముక్కలు గుండ్రనివి. ముగ్గురు కూర్చుండి తలకు 32 చొప్పున పంచుకొందురు. ఇందులో ఒక చమత్కారము కలదు. మొదటి నాలుగు రంగులలో మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన నాలుగు రంగులలో ఇది తలక్రిందులు: మంత్రి తరువాత ఒకటి పెద్దది, పది అన్నిటికంటె చిన్నది. పగటివేళ ఆటయైనచో బంగారునాణెపు రాజు గలవాడును, రాత్రివేళయైనచో వెండినాణెపు రాజు గలవాడును మొదలు పెట్టవలెను. బంగారము సూర్యునికి, వెండి చంద్రునికి గుర్తు. పడిపోయిన ముక్కలన్నిటిని జ్ఞప్తియందుంచుకొనినవానికే గెలుపు.

ఇట్టి ఆటలో తగవు పుట్టుటకు ఎంత చోటు కలదో పాఠకులు ఊహింపగలరు. సాయంకాలము మొదలైన ఆట దీపములు వెలిగించిన పిమ్మటకూడ సాగినచో ఏ రాజుది మొదటి ఎత్తు? గడియారము లేని కాలమున పగలు ఎప్పుడు ముగిసినట్లు? దీనికి ముక్కల మీద సమాధానము లేదు. కూర్చున్న ముగ్గురి అంగీకారములోనే కలదు.

హిందువుల ఇండ్లలో ప్రవేశించిన గంజీఫా దశావతార రూపము దాల్చెను. 10 అవతారములకు 10 రంగులు, 120 ముక్కలు, తలకు 40. శంఖము, చక్రము, పరశువు, బాణము మొదలైనవి గుర్తులు. పగలు రామునితోను, రాత్రి కృష్ణునితోను ఆరంభించుట ఒక ఆచారము. ఇతర ప్రాంతములలో ఇతర అవతారములకు ఆ గౌరవము దక్కెను. తొమ్మిదవ అవతారము ఎవరన్న ప్రశ్నకూడ కట్టలోనికి వచ్చెను. కొందరు బుద్ధుని వ్రాసిరి. ఓఢ్రదేశమున జగన్నాథస్వామిని వ్రాసిరి. పండితులు సభలలో వాదించుకొను విషయమును చిత్రకారుడు కుంచె పట్టగానే తేల్చవలసివచ్చెను. ఒక ఊరి కట్టతో మరియొక ఊరివాడు ఆడవలెనన్న మొదట ఈ సంగతులన్నియు మాటలాడుకొనవలసినదే.

తెలుగుదేశముననూ ఈ ముక్కలను చేసిన ఊళ్ళు కలవు. కర్నూలు సీమలోని నొస్సము అందొకటి. రెండవది నిర్మల. మన ధర్మపురి పేరే గల మరియొక ధర్మపురి గోదావరీ తీరమున, నరసింహస్వామి క్షేత్రమై, తెలంగాణమున వెలసియున్నది. ఆ నది పరిసరములలోనిదే నిర్మల పట్టణము. కొయ్యబొమ్మలకు, వర్ణచిత్రములకు పేరొందిన అచ్చటి నకాషీ పనివారు గంజీఫాలనుకూడ వ్రాసిరి. ప్రభువులకు దంతముతోను, తాబేటి చిప్పతోను చేసిన ముక్కలు. సామాన్యులకు గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఎండబెట్టి, గుండ్రముగా కత్తిరించి, రంగులు వేసి, లక్క పూతతో మెరుగుపెట్టిన ముక్కలు. 120 ముక్కలు వెనుక వైపున ఒక్కటిగా కనిపింపవలెను. ఒకదానిమీద చిన్న మచ్చ యున్నను ఎదుటివాడు గుర్తుపట్టును. కనుక పనివాని చేతి నిజాయితీయే ఆటకు మొదటి కట్టుబాటు.

ఇక మన పొరుగుననున్న మైసూరునకు వత్తము. మన బారామహలు ప్రాంతము 1792లో టిప్పు సుల్తాను చేతినుండి ఆంగ్లేయుల వశమగువరకు మైసూరు ఏలుబడిలోనిదే. ఆ మైసూరున 1799లో బాల్యముననే సింహాసనమెక్కిన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు 1831లో రాజ్యాధికారమును ఆంగ్లేయులకు కోల్పోయెను. బిరుదము మిగిలినది, పని లేదు. ఆయన తన బుద్ధిని శిల్ప, సంగీత, గ్రంథరచనలమీదను, ఆటలమీదను ప్రసరింపజేసెను. చదరంగపు గుఱ్ఱమును అన్ని గడులలోను ఒక్కొక్కసారి మాత్రమే నిలుపుచు త్రిప్పు సమస్యలయందు ఆయన ప్రజ్ఞ ప్రసిద్ధము. ఆయన పేర వెలసిన ‘శ్రీతత్త్వనిధి’ తొమ్మిది నిధుల గ్రంథము. అందు తుది నిధియగు ‘కౌతుకనిధి’ ఆటలకు సంబంధించినది.

కృష్ణరాజు ‘ఛాద్’ అను పేర క్రొత్త గంజీఫాలను కల్పించెను. సాధారణముగా రంగునకు 12 అంకెలు, వానిపై 6 బొమ్మ ముక్కలు. దేవతలు, గ్రహములు రంగులుగా వచ్చినవి. ఎల్లప్పుడును తురుపుగానుండు రంగులు, ఏ ముక్కకు బదులైనను చెల్లు ముక్కలు కూడ చేర్చబడినవి. తుదకు ఒక కట్టలో 18 రంగులు, 360 ముక్కలు వరకు పెరిగినవి. ముక్కల కట్టను కూర్చు విద్యలో ఇంతకంటె ఘనమైన ప్రయత్నము మన దేశమున మరియొకటి జరిగినట్లు నేనెరుగను. చిత్రములు చూడముచ్చటైనవి; నియమములు రాజుగారి మేధకు తగినవి.

కాని ఆ ఆట కోట గుమ్మము దాటి రాలేదు. ప్రజలలో ఎవరును దానిని ఆడుకొనలేదు. కారణము కనుగొనుట కష్టము కాదు. 360 ముక్కలను వ్రాయించు శక్తి ఎవరికి కలదు? వ్రాయించినను, నియమములు నేర్చిన తోడి ఆటగాండ్రు ఎక్కడ దొరకుదురు? 1868లో కృష్ణరాజు గతించెను. ముక్కలు నేడు వస్తుప్రదర్శనశాలలకు అలంకారములై యున్నవి. బొమ్మలు బ్రతికినవి, ఆట బ్రతుకలేదు.

అదే కాలమున నిరాడంబరమైన 52 ముక్కల ఐరోపా కట్ట దేశమంతట నిండెను. 1830 ప్రాంతములనుండి లండనులో డెలారూ సంస్థవారు ముక్కలను యంత్రముపై రంగులలో అచ్చొత్తుట ఆరంభించిరి, ధర తగ్గెను. కాని ధర యొక్కటియే కారణము కాదు. 1742లోనే హాయిల్ అను ఆంగ్లేయుడు విస్ట్ ఆటను గూర్చి చిన్న పుస్తకము ప్రచురించెను. తగవు వచ్చినప్పుడు అతని పేరు చెప్పి తీర్చుకొనుట ఆంగ్లేయులకు సామెతయైనది. వ్రాసిన నియమము కట్ట వెంట ప్రయాణము చేసినది.

మన తెలుగు పేళ్ళను గమనింపుడు. ఇస్పేటు పోర్చుగీసువారి ‘ఎస్పాడా’ను పోలియున్నది. ఆఠీను, కళావరు అనునవి డచ్చివారి ‘హార్టెన్’, ‘క్లావెర్’ మాటలకు దగ్గర. డైమను ఆంగ్లము. బందరులోను, పులికాటులోను డచ్చివారు 17వ శతాబ్దమునందే వర్తకము నెలకొల్పిరి. నాలుగు రంగులలో ముగ్గురు పరదేశుల జాడలు! మన పూర్వులు వానిని పలుకుటకు అనువుగా మలచుకొని తెలుగు చేసికొనిరి.

పేకాటలో తగవు సుప్రీముకోర్టు వరకు పోయిన సంగతికూడ తెలుగునాటిదే. 1963లో సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుచుండగా పోలీసులు దాడిచేసిరి. హైదరాబాదు జూద శాసనము క్రింద శిక్ష పడెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. ప్రభుత్వము పైకి పోయెను. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు వ్రాసిరి. మూడుముక్కలాట కేవలము అదృష్టముపై ఆధారపడునది. రమ్మీ అట్టిది కాదు. పడిన ముక్కలను గుర్తుంచుకొనుట, ఏది ఉంచవలెనో ఏది వదలవలెనో నిర్ణయించి వరుసను కట్టుట నేర్పుతో కూడిన పని. పంపకములోని అదృష్టము బ్రిడ్జిలోనూ కలదు. ఇదియే ఆ తీర్పు సారాంశము. ఆటవలన యజమాని లాభము గుంజినచో సంగతి వేరనికూడ న్యాయస్థానము హెచ్చరించెను. ఆ హెచ్చరిక వ్యర్థము కాలేదు. చరవాణిలో రమ్మీ పేర కుటుంబములు అప్పులపాలైన పిమ్మట, ధనము ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసెను. ఆట ధర్మము, పందెము అధర్మము అను భేదము ఇప్పటికిని విడువరానిది.

నేటి బాలురు మరియొక విధమైన ముక్కలను సేకరించుచున్నారు. 1993లో అమెరికాలో రిచర్డు గార్ఫీల్డు అను గణితవేత్త ‘మేజిక్’ అను ఆటను ప్రకటించెను. 1996లో జపానున ‘పోకేమాన్’ ముక్కలు వెలువడెను. ఇందు కట్ట అందరికి ఒకటి కాదు. ఆటగాడు తాను సేకరించిన వేలాది ముక్కలలోనుండి 60 ఏరుకొని తన కట్టను తానే కూర్చుకొనును. సామాన్యముగా ఒకే ముక్కను నాలుగింటికి మించి చేర్చరాదు. ప్రతి ముక్కమీదను దాని ప్రత్యేక నియమము అచ్చువేసి యుండును. సాధారణ నియమమునకును ముక్కమీది మాటకును విరోధము వచ్చినచో మేజిక్ ఆటలో ముక్కమీది మాటయే చెల్లును. ఒక ముక్క చేయవచ్చునని, మరియొకటి చేయరాదని చెప్పినచో చేయరాదన్నదే గెలుచును. ఇది చదివి నేను నవ్వుకొంటిని. ఉత్సర్గమును అపవాదము బాధించునని మన వ్యాకరణ పండితులు ఏనాడో చెప్పియున్నారు గదా! కృష్ణరాజుని కట్టవలె ఇదికూడ చిక్కైనదే. అయినను లక్షలాది బాలురు ఆడుచున్నారు. ఏలన నియమములు అందరికి అందునట్లు ప్రకటింపబడినవి. పోటీలలో తగవు తీర్చుటకు మధ్యస్థులు కలరు.

ఈ చరిత్ర మనకు చెప్పు మాట యొకటి కలదు. ధర్మపురి సీమలో తరతరములుగా నిలిచిన తెలుగు కుటుంబముల పెండ్లి పందిళ్ళలో, పండుగ రాత్రులలో, పందెము లేని చీట్లాట బంధువులను ఒకచోట కూర్చుండబెట్టును. రాజునకు పైన, రెండునకు క్రింద, రెండుచోట్లను ఆసు చెల్లునా? జోకరు లేని వరుస ముందు కట్టితీరవలెనా? ఒక్కొక్క ఇంటి ఆచారము ఒక్కొక్కటి. హోసూరు అల్లునికి, సేలము వియ్యంకునికి, మనకు మాట కలియక తగవు వచ్చును. తగవు వచ్చుటలో తప్పులేదు. ముక్క ఎత్తుటకు ముందే మాటలాడుకొననిచో తప్పు.

అంతకంటె పెద్ద సంగతి భాష. మన పిల్లలు బడిలో తమిళము, ఆంగ్లము చదువుదురు. ఇంట వినినదే వారికి తెలుగు. తురుపు, కోత, ఎత్తు, ఇస్పేటు, ఆఠీను, కళావరు అను మాటలు పుస్తకములలో నేర్పబడవు; అవ్వ ప్రక్కన కూర్చుండి ఆడినప్పుడే అబ్బును. పచ్చీసు, వామనగుంటలు, పులిజూదము ఆటల మాటలుకూడ అట్టివే. ఆడువారు తగ్గిన కొలది ఆ పలుకులును తగ్గును. మైసూరు రాజు ఆటకు గ్రంథము మిగిలెను, ఆడువారు లేకపోయిరి. మనకు ఆడువారు ఇంకను ఉన్నారు, వ్రాతయే లేదు.

కావున ప్రతి కుటుంబమువారును తమ ఇంట ఆడు ఆటలను, వాని కట్టుబాట్లను, వాడుక మాటలతో సహా తెలుగులో ఒక్క పుట వ్రాసి మన సంఘమునకు అందజేయ ప్రార్థన. తెలుగు వ్రాయుట రానివారు చెప్పినచో వ్రాసికొనువారు మనలో కలరు. ఈ ముసలి గుమాస్తాయు అందులకు సిద్ధము. ఇంటింట భేదమున్నచో ఆ భేదములనుకూడ ప్రక్కప్రక్కనే వ్రాయుదము; ఒకటి సరి, ఒకటి తప్పు అనవలసిన పనిలేదు. మన తరువాతివారు కట్ట విప్పినప్పుడు చేతిలో ముక్కలతోపాటు నోట తెలుగు మాటయు ఉండుగాక!